పాత మోటర్‌హోమ్‌కి ఎలక్ట్రిక్ వైపర్ కిట్: మోటర్ ఓకే, కాగితం దండగ

టెక్సస్‌లో మా 1978 మోటర్‌హోమ్‌కి (ఇల్లులా ఉండే బండి) 12 వోల్టుల వైపర్ కిట్ తెప్పించాను. మోటర్‌కి వంక పెట్టడానికి లేదు, వాన దంచికొడుతున్నా రెండు స్పీడుల్లోనూ ఆగకుండా తిరుగుతోంది. కానీ కిట్‌తో వచ్చిన కాగితంలో పార్క్ పొజిషన్ (స్విచ్ ఆపాక వైపర్లు వచ్చి ఆగే చోటు) గురించి ఒక్క ముక్క లేదు. తెలియక ముందే ఆర్మ్‌లు (బ్లేడ్లను పట్టుకునే కడ్డీలు) బిగించేశాను, స్విచ్ ఆపగానే బ్లేడ్లు అద్దం మధ్యలో నిటారుగా నిలబడ్డాయి, మా ఆవిడ ఒకటే నవ్వు. మళ్లీ ఆర్మ్‌లు విప్పి, మోటర్ ఒకసారి తిప్పి, స్విచ్‌తోనే ఆపి (వైరు పీకి కాదు), అది పార్క్‌లో ఆగాక బ్లేడ్లను అద్దం కింది అంచు దగ్గర పెట్టి నట్లు బిగిస్తే దారికొచ్చింది. సర్దేటప్పుడు అద్దం తడపండి. కుడి బ్లేడు ఇంకా టకటకమంటోంది, ఆర్మ్ కాస్త మెలితిప్పాలి. 4 స్టార్లు.