బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా: డిస్కవర్ చాలదా, కోర్ కొనాలా, ప్రో దాకా వెళ్లాలా?

బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా అనేది స్పిట్‌ఫైర్ ఆడియో వాళ్ల శాంపిల్ లైబ్రరీ, అంటే అసలు వాద్యాల స్వరాలను ముందే రికార్డు చేసి, కంప్యూటర్‌లో కీబోర్డ్‌తో వాయించుకునేలా ఇచ్చినది. ఇది 2019లో వచ్చింది. లండన్‌లోని మైడా వేల్ స్టూడియోస్‌లో 99 మంది వాద్యకారులను వాళ్లు మామూలుగా కూర్చునే చోట్లలోనే కూర్చోబెట్టి రికార్డు చేశారు. ఇప్పుడు మూడు ఎడిషన్లలో దొరుకుతోంది. డిస్కవర్ సుమారు 200 ఎంబీ, కోర్ సుమారు 24 జీబీ, ప్రొఫెషనల్ (ప్రో) సుమారు 600 జీబీ. మూడింటినీ ఏళ్ల తరబడి వాడాక తేలింది ఇది: డిస్కవర్ నుంచి కోర్‌కి వెళితే మీరు రాసే తీరు మారుతుంది. కోర్ నుంచి ప్రోకి వెళితే మిక్స్ చేసే తీరు మారుతుంది. అంతేతప్ప కోర్‌లో పేలవంగా వినిపించిన ట్యూన్ ప్రోలో పెట్టగానే గొప్పగా అయిపోదు. అదే పేలవమైన ట్యూన్ ఇరవై మైకుల్లోంచి వినిపిస్తుంది.

డిస్కవర్‌ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. స్ట్రింగ్స్‌లో (వయొలిన్ లాంటి తీగ వాద్యాల్లో) లాంగ్ (సాగే స్వరం), స్పికాటో (విల్లు ఎగిరేలా పొట్టిగా), పిజికాటో (వేలితో మీటుతూ), ట్రెమొలో (విల్లును వణికిస్తూ) ఉంటాయి. బ్రాస్‌కీ (ట్రంపెట్ లాంటివి) వుడ్‌విండ్స్‌కీ (ఫ్లూట్ లాంటివి) లాంగ్, స్టకాటిసిమో (చాలా పొట్టి స్వరం) ఉంటాయి. పాత ల్యాప్‌టాప్‌లో కూడా ఆర్కెస్ట్రా మొత్తం లోడ్ అవుతుంది. స్కెచ్ రాయడానికీ, ఏ వాద్యం ఏ శ్రుతిలో బాగా పలుకుతుందో నేర్చుకోవడానికీ ఇంతకంటే తేలికైన సాధనం అరుదు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఒక వయొలిన్ మెలడీని ఒంటరిగా, నెమ్మదిగా వాయించినప్పుడు. అందులో లెగాటో, అంటే స్వరాలను తెగకుండా కలిపి వాయించే తీరు, లేదు. ప్రతి స్వరమూ కొత్తగా విల్లు పట్టినట్టు మొదలవుతుంది, రెండు స్వరాల మధ్య అతుకు వినిపిస్తుంది. స్వరాలను ఒకదాని మీద ఒకటి ఎంత ఎక్కించినా అతుకు మెత్తబడుతుందే గానీ పోదు. డైనమిక్ లేయర్లు (మెల్లగా, గట్టిగా వాయించి విడివిడిగా తీసిన రికార్డింగులు) కూడా తక్కువ కాబట్టి మాడ్ వీల్‌ని (కీబోర్డ్ పక్కనుండే చక్రాన్ని) కింది నుంచి పైకి తోస్తే శబ్దం పెద్దదవుతుంది గానీ రంగు అంతగా మారదు. అసలు వాద్యం గట్టిగా వాయిస్తే పెద్దగా వినిపించడమే కాదు, పదునెక్కుతుంది కూడా.

కోర్ ఈ రెండు లోటులనూ తీరుస్తుంది. లెగాటోతో పాటు కాన్ సోర్డినో, ఫ్లౌటాండో, కోల్ లెన్యో, ట్రిల్స్, మార్కాటో అటాక్ లాంటి ఆర్టిక్యులేషన్లు (వాయించే తీరులు) వస్తాయి. ఈ పేర్లలో సగం మీకు అవసరమే పడకపోతే కోర్ మీకు ఇంకా తొందరే. ఆ విషయం తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఈమధ్య ముగించిన అయిదు ప్రాజెక్టులు తెరవండి. లైబ్రరీ ఇవ్వలేక మీరు రాజీపడ్డ ప్రతి చోటా ఒక మార్కర్ పెట్టండి. దాని పక్కన కారణం ఒక్క మాటలో రాయండి: ‘అతుకు’, ‘ఆర్టిక్యులేషన్ లేదు’, ‘దూరంగా ఉంది’, ‘బురదగా ఉంది’, ‘సోలో కావాలి’, ‘ఆలస్యంగా మోగుతోంది’. మొదటి రెండు మాటలు ఎక్కువైతే కోర్. ‘దూరంగా ఉంది’, ‘సోలో కావాలి’ అనేవి ఎక్కువైతే ప్రో గురించి ఆలోచించవచ్చు. మిగతా రెండింటికీ ఏ ఎడిషన్ కొన్నా మందు దొరకదు. వాటి సంగతి కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే జనం డబ్బు దండగ చేసుకునేది ఎక్కువగా వీటి దగ్గరే.

‘బురద’ చాలాసార్లు వాయిసింగ్ తప్పు, అంటే కార్డ్‌లో కలిసి మోగే స్వరాలను వాద్యాలకు పంచే తీరులో తప్పు. ఇందులో మొదటి వయొలిన్లు 16, రెండో వయొలిన్లు 14, వయోలాలు 12, చెల్లోలు 10, డబుల్ బేస్‌లు 8. మొదటి వయొలిన్ల ప్యాచ్‌లో మూడు స్వరాల కార్డ్ పట్టుకుంటే మీరు 48 మంది వయొలిన్ వాద్యకారులను పిలిచినట్టు. నిజమైన ఆర్కెస్ట్రాలో ఆ 16 మందే విడిపోయి వాయిస్తారు, అందుకే అక్కడ కార్డ్ పల్చగా, తేటగా ఉంటుంది. ప్రో కొన్నా ఈ విభాగాలు సగాలుగా విడిపోయి రావు. ఒక్కో స్వరాన్ని ఒక్కో విభాగానికి పంచడం, కార్డ్ తప్పనిసరైతే మాడ్ వీల్‌నీ ఎక్స్‌ప్రెషన్‌నీ (వాల్యూమ్‌ని నడిపే కంట్రోల్) తగ్గించడం, చెల్లోల కింద స్వరాలను దూరం దూరంగా ఉంచడం, ఇవే పని చేస్తాయి. ఒకే కీబోర్డ్ పార్ట్‌ని ‘స్ట్రింగ్స్’ అనే ఒక్క ట్రాక్‌లో వాయించే అలవాటు ఉన్నవాళ్లకు కొత్త లైబ్రరీ కంటే నాలుగు ఖాళీ ట్రాకులు ఎక్కువ మేలు చేస్తాయి.

ఇక ‘ఆలస్యం’. శాంపిల్ మొదట్లో విల్లు తీగను పట్టుకునే క్షణం కూడా ఉంటుంది కాబట్టి స్వరం గ్రిడ్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని తాళం గీతల) మీద ఉన్నా చెవికి వెనక పడ్డట్టు తోస్తుంది. లెగాటోలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే సమయం కూడా కలుస్తుంది. ఇది ఈ ఒక్క లైబ్రరీ జబ్బు కాదు. సినిమాటిక్ స్టూడియో స్ట్రింగ్స్ అనే ఇంకో లైబ్రరీ తయారీదారులు తమ లెగాటోకి నెమ్మది, మధ్యమం, వేగం అంటూ 333, 250, 100 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని మాన్యువల్‌లోనే రాసి ఇచ్చారు. అక్కడ అంకెలు ఇచ్చారు, ఇక్కడ మనమే కొలుచుకోవాలి. 120 టెంపోలో నాలుగు క్వార్టర్ నోట్లు గ్రిడ్ మీద సరిగ్గా పెట్టండి. రివర్బ్ (గది ప్రతిధ్వని) ఆపి బౌన్స్ చేసి (ఆడియో ఫైల్‌గా తీసి), వేవ్‌ఫాం పెద్దది చేసి చూడండి. స్పికాటో, పిజికాటోలకు శిఖరం ఎక్కడుందో, లాంగ్, లెగాటోలకు శబ్దం నిండుగా నిలబడే చోటు ఎక్కడుందో గ్రిడ్ గీత నుంచి మిల్లీసెకన్లలో కొలవండి. ఆ అంకెను మైనస్ గుర్తుతో ట్రాక్ డిలేలో (ట్రాక్‌ని ముందుకో వెనక్కో జరిపే సెట్టింగ్‌లో) వేయండి. అన్ని ఆర్టిక్యులేషన్లకూ ఒకటే అంకె సరిపోదు. అందుకే కీస్విచ్‌లతో (ఆర్టిక్యులేషన్ మార్చే కీలతో) ఒకే ట్రాక్‌లో నడిపేవాళ్లు కనీసం పొట్టి స్వరాలకు ఒక ట్రాక్, పొడవు స్వరాలకు ఒకటి, లెగాటోకి ఒకటి విడదీయాలి. ప్లగిన్‌లోని టైట్‌నెస్ పెంచితే ఆలస్యం తగ్గుతుంది నిజమే, కానీ స్వరం మొదలును కోసేస్తుంది. ఎక్కువ పెంచితే పొట్టి స్వరాలు మెషిన్ కొట్టినట్టు ఉంటాయి. రికార్డ్ చేసేటప్పుడు పెంచుకుని, తర్వాత దించి ట్రాక్ డిలేతో సర్దుకోవడం నయం.

లెగాటో గురించి ఇంకో మాట. కోర్ కొన్న మొదటి వారంలో ‘లెగాటో పనిచేయడం లేదు’ అనిపించడానికి మామూలు కారణం, స్వరాల మధ్య సందు ఉండటం. ముందు స్వరం ముగియకముందే తర్వాతిది మొదలవ్వాలి, కొద్దిగా ఎక్కినా చాలు. క్వాంటైజ్ చేసినప్పుడు (స్వరాలను గ్రిడ్‌కి సర్దినప్పుడు) నోట్ల పొడవు కూడా గ్రిడ్‌కి కోసుకుపోతే ఆ ఎక్కింపు పోతుంది. ఒకే స్వరాన్ని వరసగా రెండుసార్లు వాయించే చోట దాన్ని లాంగ్‌కి పంపడమే సుఖం.

మిడిలో (కీబోర్డ్ నుంచి కంప్యూటర్‌కి వెళ్లే వాయింపు సూచనల్లో) ఒక్కో కంట్రోలర్‌కి ఉండే నంబరే సీసీ. పొడవు స్వరాలకు డైనమిక్స్ సీసీ1 (మాడ్ వీల్), ఎక్స్‌ప్రెషన్ సీసీ11, వైబ్రాటో సీసీ21. పొట్టి స్వరాలు వెలాసిటీని (కీని ఎంత వేగంగా నొక్కారన్నదాన్ని) బట్టి నడుస్తాయి. డిస్కవర్‌లో సీసీ1 ఒక్కటే కదిపే అలవాటుతో వచ్చి, కోర్‌లోనూ అదే చేస్తే లేయర్ల మార్పు వల్ల వాల్యూమ్ ఊగిసలాడుతుంది. ఫ్రేజ్ ఆకారం సీసీ1లో గీసి, మిగతా పార్టులతో పొందిక సీసీ11లో సర్దండి. ప్రాజెక్ట్ తెరవగానే ఒక ట్రాక్ మూగబోతే ముందు చూడాల్సింది కూడా ఇదే: మొదటి బార్‌లో ఆ రెండు కంట్రోలర్లకూ విలువలు రాసి ఉన్నాయా లేదా అని.

ఇప్పుడు ప్రో. అందులో అసలు సరుకు మైకులు: ట్రీ (కండక్టర్ పైన ఉండే ప్రధాన మైకులు), అవుట్‌రిగ్గర్స్ (దానికి రెండు పక్కలా దూరంగా), యాంబియంట్ (గది మోత కోసం), బాల్కనీ, క్లోజ్ (వాద్యాల దగ్గరే), క్లోజ్ వైడ్, మిడ్స్, సైడ్స్, అట్మాస్ (చుట్టుముట్టే శబ్దం) కోసం ముందూ వెనకా, ఒక విభాగం మోగుతుంటే పక్క విభాగాల మైకుల్లోకి కారిన శబ్దం కోసం స్పిల్, ఇలా మొత్తం 20 సిగ్నల్స్. స్ట్రింగ్ విభాగాల లీడర్లు సోలోగా కూడా దొరుకుతారు. కోర్‌లో ఇంజనీర్ ముందే కలిపిన మిక్స్‌తో సర్దుకుంటాం. ఆ మిక్స్ బాగుంటుంది, నా దృష్టిలో పదికి ఎనిమిది పనులకు అదే చాలు. మైడా వేల్ పెద్ద చర్చి హాలులా మోగే గది కాదు, కాస్త పొడిగానే ఉంటుంది. కాబట్టి కోర్‌లోనూ రివర్బ్ తోక మీరు కోరినంత జోడించుకునే చోటు మిగులుతుంది. ముందే గది మోతలో మునిగిపోయిన లైబ్రరీల దగ్గర ఆ స్వేచ్ఛ ఉండదు.

మైకులు చేతిలోకి రాగానే అన్నీ తెరవాలనిపిస్తుంది. వద్దు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. క్లోజ్ మైక్‌కీ ట్రీకీ మధ్య 5 మీటర్ల తేడా ఉంటే 14–15 మిల్లీసెకన్ల తేడాతో ఒకే స్వరం రెండుసార్లు చేరుతుంది. రెండూ సమాన వాల్యూమ్‌లో కలిస్తే కొన్ని ఫ్రీక్వెన్సీలు కొట్టుకుపోయి శబ్దం బోలుగా అవుతుంది. ట్రీని సున్నా వద్ద పెట్టి, క్లోజ్‌ను 10–12 డీబీ కింద నుంచి మొదలుపెట్టి, విల్లు అంచు వినిపించే వరకే పైకి తెచ్చి ఆగండి. వెడల్పు కావాలంటే అవుట్‌రిగ్గర్స్, లోతు కావాలంటే యాంబియంట్, రెండింట్లో ఒకటి. వాద్యాలు గదిలో తమ చోట్ల నుంచే రికార్డయ్యాయి కాబట్టి మళ్లీ ప్యాన్ చేస్తే (ఎడమకో కుడికో జరిపితే) క్లోజ్ ఒక దిక్కునా, ట్రీ ఇంకో దిక్కునా నిలబడతాయి. స్పిల్ మైకుల గొప్పతనం ఒంటరి ట్రాక్‌లో తెలియదు. ఆర్కెస్ట్రా అంతా మోగుతున్నప్పుడు వాటిని ఆపి చూస్తే, విభాగాలు ఒక్కొక్కటీ వేరే గదిలో కూర్చున్నట్టు అవుతుంది.

కోర్, ప్రో పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేయకుండా నమ్మకండి. ఒక్క డీబీ పెద్దగా ఉన్నదే చెవికి మేలైనదిగా తోస్తుంది.

మైకులకు యంత్రం కట్టే మూల్యం ఇలా లెక్క వేయవచ్చు. కుదింపు లేని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియోకి ఒక్కో స్ట్రీమ్ సెకనుకు 288 కేబీ. ఎనిమిది స్వరాల కార్డ్, ఒక్కో స్వరానికి మూడు లేయర్లు, ఒక్క మైక్ అనుకుంటే 24 స్ట్రీములు. నాలుగు మైకులు తెరిస్తే 96, అంటే సెకనుకు దాదాపు 28 ఎంబీ. అంకె చిన్నదే, ఏ డిస్క్ అయినా మోయగలదనిపిస్తుంది. చిక్కు వేగంలో లేదు, వెతుకులాటలో ఉంది. తిరిగే హార్డ్ డిస్క్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడానికి 10 మిల్లీసెకన్లు పడితే సెకనుకు దాదాపు వంద చోట్లే తాకగలదు. 96 స్ట్రీములు అరసెకనుకోసారి డేటా అడిగితే 192 చోట్లు తాకాలి. అక్కడే చిటపటలు, మింగేసిన స్వరాలు. ఎస్ఎస్‌డీ లేకుండా ప్రో కొనకండి. ర్యామ్ కూడా తెరిచిన మైకుల సంఖ్యతో పాటే పెరుగుతుంది, ఎందుకంటే ప్రతి శాంపిల్ మొదలూ ఒక్కో మైక్‌కి విడిగా ముందే లోడ్ అవుతుంది. 16 జీబీతో కోర్ టెంప్లేట్ (వాద్యాలన్నీ ముందే లోడ్ చేసి ఉంచుకున్న ప్రాజెక్ట్) పొదుపుగా నడపవచ్చు. ప్రోలో రెండు మూడు మైకులతో పూర్తి ఆర్కెస్ట్రాకి 64 జీబీ ఉంటేనే నాకు ధీమా. వేగమైన ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఉంటే ప్లగిన్ సెట్టింగ్స్‌లో ప్రీలోడ్ సైజు తగ్గించి ర్యామ్ మిగుల్చుకోవచ్చు. తగ్గించాక స్వరాల మొదళ్లు తెగుతుంటే ఒక మెట్టు వెనక్కి రండి. వాడని ఆర్టిక్యులేషన్లను అన్‌లోడ్ చేసి టెంప్లేట్ సేవ్ చేయడం అన్నిటికంటే చవకైన ర్యామ్ అప్‌గ్రేడ్.

డౌన్‌లోడ్‌కి తగిన వ్యవధి పెట్టుకోండి. 100 ఎంబీపీఎస్ లైన్ పూర్తి వేగంతో నడిచినా కోర్‌కి 32 నిమిషాలు, ప్రోకి 13 గంటలు పైనే. డ్రైవ్‌లో 600 జీబీ సరిగ్గా ఖాళీ ఉంటే సరిపోదు, విప్పుకోవడానికి అదనపు చోటు కావాలి. విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్‌లో ఏపీఎఫ్‌ఎస్ ఫార్మాట్ వాడండి. తర్వాత ఫోల్డర్‌ని ఇంకో డ్రైవ్‌కి మారిస్తే స్పిట్‌ఫైర్ యాప్‌లో లొకేట్ ఇచ్చి కొత్త దారి చూపాలి, అప్పటికీ ఎర్రర్ వస్తే రిపేర్ నడపాలి. మళ్లీ మొత్తం డౌన్‌లోడ్ చేయడం ఆఖరి మార్గం.

కొన్నాక లైసెన్స్ ఇంకొకరికి అమ్మే వీలు లేదు, కాబట్టి ఒకేసారి ప్రోకి దూకాల్సిన పని లేదు. కోర్ ఉన్నవాళ్లకు ప్రో అప్‌గ్రేడ్ ధరలో ముందు కట్టినది లెక్కలోకి వస్తుంది, సేల్ రోజుల్లో ఆ ధర ఇంకా తగ్గుతుంది. ఒక ఏడాది కోర్‌తో గడిపి, ఆ అయిదు ప్రాజెక్టుల పరీక్ష మళ్లీ చేసుకోవచ్చు. మీ రాజీలన్నీ స్ట్రింగ్స్‌లోనే ఉన్నాయని తేలితే ప్రో మీద పెట్టే డబ్బును ప్రత్యేకమైన స్ట్రింగ్స్ లైబ్రరీ మీద పెట్టడం మేలు. అలాంటి లైబ్రరీ కాంటాక్ట్‌లో (శాంపిల్ లైబ్రరీలను నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో) నడిచేదైతే ఉచిత ప్లేయర్ చాలా, పూర్తి కాంటాక్ట్ కావాలా అన్నది కొనేముందే చూసుకోండి. కాంటాక్ట్ కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఇన్‌స్ట్రుమెంట్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు. మీతో కలిసి పనిచేసేవాళ్ల దగ్గర పాత వెర్షన్ ఉంటే ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

ఎడిషన్ మార్చే రోజు పాత ప్రాజెక్టుల జోలికి వెళ్లకండి. డిస్కవర్‌లో రాసిన మిడిని కోర్‌లోకి, ప్రోలోకి తీసుకెళ్లేలాగే దీన్ని కట్టారు. అయితే లేయర్లు ఎక్కువైనప్పుడు అవే సీసీ1 గీతలు వేరేలా పలుకుతాయి, బ్రాస్ ఉన్నట్టుండి ముందుకు దూకుతుంది. నడుస్తున్న పనిని పాత ఎడిషన్‌లోనే ముగించి, ప్రతి ట్రాక్‌నీ 24 బిట్ వేవ్‌గా బౌన్స్ చేసి, ప్రాజెక్ట్ కాపీ తీసి, ఆ కాపీలో మార్పు మొదలుపెట్టండి. ముందు చెల్లోలు, బేస్‌లు మార్చి బ్యాలెన్స్ సర్దండి. తర్వాత పై స్ట్రింగ్స్, ఆపైన వుడ్‌విండ్స్, చివరికి బ్రాస్. ట్రాక్ డిలే అంకెలన్నీ కొత్తగా కొలవాల్సిందే, పాతవి పనికిరావు.