అడ్వాన్స్ తీసుకునే ముందు పిల్లలతో మాట్లాడిన డ్రైవరన్న

దసరా సెలవుల్లో మేం నలుగురం మూడు రోజులు తిరిగొచ్చాం. పానగల్లు, నాగార్జునసాగర్, నల్లమల. బండి, రూములు, బుకింగులు అన్నీ నల్లగొండలో ఉండే ఒక డ్రైవరన్న చూసుకున్నాడు. ఆయనకు ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఒకటే ఎర్టిగా. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. పేరు, నంబరు పెట్టొద్దన్నాడు. ఉన్న ఒక్క బండికి ఇప్పటికే ఫోన్లు ఎక్కువయ్యాయట. అందుకే ఆయన పనిచేసే పద్ధతి గురించే రాస్తున్నాను. ఇంట్లో హైస్కూలు, ఇంటర్ పిల్లలున్నవాళ్లు ఏ ట్రావెల్స్‌తో మాట్లాడినా ఇవన్నీ అడిగి చూడొచ్చు.

మా పాప ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. చిన్నోడు ఎనిమిదో తరగతి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. పోయిన ఎండాకాలం ఒక ప్యాకేజీ వాళ్లతో ఊటీ వెళ్లాం. రోజుకు ఏడెనిమిది పాయింట్లు, ప్రతి చోటా "ఇరవై నిమిషాల్లో బస్సు దగ్గరుండాలె" అని కేకలు. రెండో రోజుకే పిల్లలు బస్సు దిగడం మానేశారు. పాప ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీకి తల ఆనించి కూర్చుంది. నేను దిగమని కసరడం, మా ఆయన నన్ను కసరడం. ఇంటికొచ్చాక "ఇంకోసారి మీతోటి రాను" అంది. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. ఇంటర్ అయితే పాప హాస్టల్‌కు పోతుంది. నలుగురం కలిసి తిరిగే సెలవులు ఇంకెన్ని ఉన్నాయని?

మా స్కూల్లో మేడం ఒకరు చెబితే ఈ అన్నకు ఫోన్ చేశాను. ఎంతవుతుందని నేను అడుగుతుంటే, "పిల్లలు ఏం చదువుతున్నరక్కా? అడ్వాన్స్ తర్వాత. ముందు వాళ్లతోని ఒక పది నిమిషాలు మాట్లాడొచ్చా?" అన్నాడు. ఆదివారం సాయంత్రం ఇంటికే వచ్చాడు. పాపను ఏం ఇష్టమని అడగలేదు. "నీకు ఏం నచ్చదమ్మా?" అన్నాడు. మాతో మూడు మాటలకు మించి మాట్లాడని పిల్ల టకటకా చెప్పేసింది. పొద్దున్నే లేపడం నచ్చదు. అందరి ముందు ఫొటోకు నవ్వమనడం నచ్చదు. ఒక చోట నిలబడి చూస్తుంటే "పద పద" అనడం అసలు నచ్చదు. ఆయన అవన్నీ చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. చిన్నోడైతే ఒకటే మాట: "పులి."

అప్పుడు తన పద్ధతి చెప్పాడు. ట్రిప్పులో ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక పూట సొంతం. ఆ పూట ఎక్కడికి పోవాలో, ఎంతసేపు ఉండాలో, ఏం తినాలో వాళ్లదే మాట. మిగతావాళ్లు మూతి ముడవకూడదు. ఫోన్లు గుంజుకోవద్దు. రోజుకు రెండు చోట్లే. నా వైపు తిరిగి ఇంకో మాట కూడా అన్నాడు: "అక్కా, మీరు టీచరు గద. పిల్లలు అడిగినంకనే చెప్పండి." నాకు కాస్త చురుక్కుమంది. కానీ ఆ మాట పట్టుకున్నాను.

మూడు రోజులకు బండి, డీజిల్, బత్తా కలిపి పదకొండు వేలు. రూములు, తిండి, టికెట్లు మావే.

మొదటి రోజు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. ఊరి పక్కనే, ఉదయసముద్రం చెరువు దగ్గర. పిల్లల చిన్నప్పుడు ఎన్నిసార్లు తీసుకెళ్లామో. దండం పెట్టుకోవడం, కొబ్బరికాయ కొట్టడం, వచ్చేయడం. ఈసారి గుడి మెట్ల దగ్గర అన్న ఒకటే అడిగాడు: "లింగం మీద పడే నీడ ఏ స్తంభానిదో కనిపెడతరా?" కుందూరు చోడుల కాలంలో కట్టిన గుడి. ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు. ఒక గర్భగుడిలో లింగం మీద స్తంభం నీడలాంటిది నిలువుగా పడుతుంది. సూర్యుడు ఎటు తిరిగినా పగలంతా అది కదలదు.

చిన్నోడు ఒక్కో స్తంభం పక్కకు వెళ్లి చేతులు చాచి నిలబడ్డాడు. పాప గర్భగుడి ముందు కూర్చుని చూసింది. "నీ నీడ పడతలేదు. ఇంకొంచెం ఇటు. ఊహూఁ. ఆ పక్క స్తంభం కాడికి పో." నీడ మాత్రం ఎక్కడిది అక్కడే. మొబైల్ టార్చితో ప్రయత్నించారు. నేల మీద కూర్చుని పాప నోట్‌బుక్‌లో మండపం గీసింది. ఎండ నేరుగా లోపలికి రావడం లేదని, వెలుతురు పక్కదారుల్లోంచి రాళ్లకు తగిలి వస్తోందని, స్తంభాలు అడ్డున్న మేర మధ్యలో మసక మిగులుతోందని తమ్ముడికి బాణాలు గీసి చూపించింది. అలా గంటా పది నిమిషాలు. మామూలుగా అయితే పావుగంటకే నేను లేవదీసేదాన్ని. ఆ రోజు మండపం గట్టు మీద కూర్చుని వాళ్లిద్దరి మాటలు వింటూ ఉండిపోయాను. చాలా సంతోషమేసింది.

మధ్యాహ్నం హాలియా మీదుగా సాగర్. అది నా పూట, బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కు అడిగాను. 274 ఎకరాలు, 2022 మే నెలలో తెరిచారు. అమరావతి స్తూపాన్ని తలపించే మహాస్తూపం లోపల నిలబడి పైకి చూస్తుంటే నాకు కదలబుద్ధి కాలేదు. పిల్లలకు అంతగా ఎక్కలేదు. ఎండ ఎక్కువగా ఉంది, నడక ఎక్కువైంది. అయినా మాట ప్రకారం నోరెత్తలేదు. ఎండలో ఆ టైముకు పెట్టడం మాత్రం డ్రైవరన్న పొరపాటే. సాయంత్రానికి జరిపితే బాగుండేది.

అసలు పొరపాటు రాత్రి జరిగింది. తనకు తెలిసిన లాడ్జిలో రూములు చెప్పాడు. బాత్రూం తలుపుకు గడియ ఊడి వేలాడుతోంది. పెద్దవాళ్లం ఎట్లాగో సర్దుకుంటాం. పదహారేళ్ల పిల్లకు అది చిన్న విషయం కాదు. పాప ముఖం మాడిపోయింది, అన్నం కూడా సరిగా తినలేదు. అన్నకు ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో బండిలోంచి టూల్‌బాక్స్ పట్టుకొచ్చి, ఊడిన స్క్రూలు వెతికి గడియ బిగించాడు. పోయేముందు పాపతోనే అన్నాడు: "రూము చూడకుండ బుక్ చేసిన, తప్పు నాదే బిడ్డా." ఎవరూ తనకు అలా చెప్పరనో ఏమో, పాప ముఖం కాస్త తేటపడింది. నేను మాత్రం మార్కు తగ్గించాను. ఆడపిల్లలున్న ఇంటికి రూము చూసేటప్పుడు ముందు చూడాల్సింది బాత్రూం గడియే.

రెండో రోజు ఎనిమిదింటి దాకా ఎవరినీ లేపలేదు. ఈ వయసులో నిద్రవేళ సహజంగానే వెనక్కి జరుగుతుందని క్లాసులో పిల్లలను చూస్తూ నాకూ తెలుసు. సొంత పిల్లలను మాత్రం ఆరింటికే లేపుతుంటాను. ఆ పూట పాపది. లాంచీలో నాగార్జునకొండ. శుక్రవారం అక్కడి మ్యూజియం ఉండదు, అందుకే మా తేదీలు దాన్ని బట్టే కుదిర్చాడు. లాంచీ ప్రయాణం గంటకు కాస్త అటూఇటూ. పైన గాలికి కూర్చుని పాప, "మమ్మీ, ఈ నీళ్ల కింద ఏముండె?" అంది. తనే అడిగింది గదా, అప్పుడు చెప్పాను. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇక్కడే ఉండేదని, డ్యాం కడితే లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నిటిని విప్పి కొండ మీదికి, ఒడ్డునున్న అనుపు అనే చోటికి చేర్చి మళ్లీ కట్టారని. 1955 డిసెంబర్‌లో డ్యాంకు శంకుస్థాపన జరిగినా, కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. ఆ మధ్యకాలంలో ఒక లోయంతా ఖాళీ అయింది. పాప నీళ్లకేసి చూస్తూ ఇంకేం మాట్లాడలేదు.

మ్యూజియంలో మునగక ముందు లోయ ఎలా ఉండేదో చూపించే నమూనా ఒకటి ఉంది. పాప దాని దగ్గరే ఆగిపోయింది. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, అద్దం మీద వేలితో గీస్తూ మా లాంచీ దేని మీదుగా వచ్చిందో వెతికింది. తర్వాత శాసనాల దగ్గర, మహాచైత్యానికి, అంటే ఇక్కడి పెద్ద బౌద్ధ స్తూపానికి, దానాలిచ్చింది రాజు చాంతమూలుడి తోబుట్టువు చాంతిసిరి అని చెబితే, "రాజు కాదా? ఆమెనా?" అంది. మూడో శతాబ్దపు ఆడమనిషి పేరు రాయి మీద ఉందని ఫొటో తీసుకుంది. ఆ ఫొటోలో మేమెవ్వరం లేం. మాతో కలిసి దిగమని నేనూ అనలేదు. మధ్యాహ్నం సాగర్‌లో చేపల వేపుడు, అన్నం. అది కూడా పాప మాటే.

దేవరకొండ, డిండి మీదుగా రాత్రికి నల్లమల అంచున ఉన్న మన్ననూరు చేరాం. అది మా ఆయన పూట. ఆయన అడిగింది ఒకటే, డిండి దగ్గర నీళ్ల గట్టున బండి ఆపి మక్కకంకులు తినడం.

మూడో రోజు చిన్నోడిది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఫర్హాబాద్ సఫారీ. వానాకాలం మూడు నెలలు, జులై నుంచి సెప్టెంబర్ దాకా మూసి ఉంటుంది. అందుకే దసరా మంచి టైము. 2,611 చదరపు కిలోమీటర్ల అడవిలో పులి కనపడటం అదృష్టం మీదేనని అన్న ముందు రోజే వాడితో చెప్పి పెట్టాడు. అది చాలా మంచి పని. మాకు పులి కనపడలేదు. చుక్కల దుప్పులు, కొండముచ్చులు, ఒక నెమలి. ఒక మలుపులో గైడ్ జీపు ఆపించాడు. చెంచు పిల్లవాడు, మా పాప కంటే నాలుగైదేళ్లు పెద్ద ఉంటాడేమో. తడి మట్టిలో ఒక అడుగు చూపించాడు. నాలుగు వేళ్లు, వెనక మెత్త. చిన్నోడు జీపులోంచే వంగి తన అరచేతిని గాల్లో దాని మీదుగా కొలిచాడు. "గోళ్ల గుర్తులు చూడు, లేవు గద. కుక్కదైతే ఉంటయి. ఇది చిరుతది. పులిదైతే ఇంకా పెద్దగుంటది" అన్నాడు గైడ్. అక్కడి నుంచి వ్యూపాయింట్ దాకా వాడు ఆ అబ్బాయిని వదల్లేదు. ఒక్కో పులి చారలు ఒక్కో తీరుగా ఉంటాయని, కెమెరాల్లో పడిన చారలను బట్టే ఏ పులో గుర్తుపడతారని విని, ఇంటికొచ్చాక ఇంటర్నెట్‌లో పులుల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చారలు పోల్చుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం మల్లెలతీర్థం జలపాతం. మూడు వందలకు పైగా మెట్లు. దిగడం తేలిక, ఎక్కేటప్పుడు మోకాళ్లున్నాయని తెలుస్తుంది. నీళ్లు మాత్రం మంచులా ఉన్నాయి. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఆలోచించుకోండి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు అడవిదారిలో గేట్లు మూసేస్తారు, అది చూసుకుని బయల్దేరాలి.

ఐదుకు నాలుగు ఇస్తాను. లాడ్జి విషయంలో, బుద్ధవనం టైము విషయంలో కోత. పిల్లల విషయంలో ఒక్క మార్కు కూడా తగ్గించను. ఒక్క ట్రిప్పులో పది ఊళ్లు చుట్టాలనుకునేవాళ్లకు ఈ అన్న సరిపోడు, ఆయన ఒప్పుకోడు కూడా.

సంక్రాంతికి సోమశిల పోదామని పిల్లలే అన్నకు మెసేజ్ పెట్టారు, మాకు తర్వాత చెప్పారు. పాప పెట్టిన మెసేజ్ నాకు చూపించింది. తేదీలు, ఎంతమంది, చిన్నోడికి కిటికీ సీటు, అన్నీ రాసి చివర ఇలా ఉంది: "అన్నా, ఈసారి రూము బుక్ చేసే ముందు బాత్రూం గడియ ఫొటో పంపు." ఆయన వెంటనే జవాబిచ్చాడు: "సరే బిడ్డా, లోపలి నుంచి వేసి, వీడియో తీసి పంపుత."