అద్దె కోడ్ వద్దు: మొక్కల ట్యాగ్ మీద క్యూఆర్ వాడిన అనుభవం

కడియం నర్సరీల్లో మాదీ ఒకటి. మామిడి, సపోటా, నిమ్మ లాంటి తోట మొక్కలే ఎక్కువ అమ్ముతాం. మొక్కకు కట్టే ప్లాస్టిక్ ట్యాగ్ మీద క్యూఆర్ కోడ్ వేయించడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. కోడ్ మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. నా కోపమంతా దాన్ని మనకు అద్దెకిచ్చి మధ్యలో కూర్చునే కంపెనీల మీద.

ముందు మంచి సంగతి. మార్కెటింగ్‌కి క్యూఆర్ అనగానే కొత్త కస్టమర్లని తెచ్చిపెడుతుందనే అందరూ అనుకుంటారు. మాకు మాత్రం అమ్మకం అయిపోయాకే అక్కరకొచ్చింది. అంటు మామిడి తీసుకెళ్లినవాళ్లకి చెప్పాల్సినవి చాలా ఉంటాయి. అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకూడదు. దాని కింద నుంచి వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు గిల్లేయాలి. మొదటి రెండు మూడేళ్లు పూత తుంచేయాలి. లోడు ఎత్తే హడావుడిలో ఇవన్నీ చెప్తే ఎవరికి గుర్తుంటాయి? ఇప్పుడు ట్యాగ్ స్కాన్ చేస్తే ఆ రకం పేజీ తెరుచుకుంటుంది. అందులో బటన్ నొక్కితే వాట్సాప్‌లో ‘సువర్ణరేఖ గురించి అడగాలి’ అని ముందే రాసిపెట్టిన మెసేజ్ వస్తుంది, పంపితే చాలు. మనం ‘ఏ మొక్కండీ? ఎప్పుడు తీసుకెళ్లారు?’ అని మొదటి నుంచీ మొదలుపెట్టక్కర్లేదు. ఇలా అడిగి చెప్పించుకున్న రైతు మళ్లీ వచ్చేటప్పుడు పక్క పొలం ఆయన్ని కూడా వెంటబెట్టుకొస్తాడు. మాకు ఇంతకు మించిన ప్రచారం లేదు.

ఇక ఆ కోపం సంగతి. మొదట్లో ఒక వెబ్‌సైట్‌లో ‘డైనమిక్’ కోడ్‌లు చేయించాం. మామూలు కోడ్‌లో మన పేజీ చిరునామా ఆ నలుపు తెలుపు గళ్లలోనే ఉంటుంది. డైనమిక్ కోడ్‌లో ఉండేది ఆ కంపెనీ చిరునామా. స్కాన్ చేసిన మనిషి ముందు వాళ్ల సర్వర్‌కి వెళ్తాడు, అక్కడి నుంచి వాళ్లు మన పేజీకి పంపిస్తారు. ట్యాగ్ అచ్చేశాక కూడా పేజీ మార్చుకోవచ్చు, ఎంతమంది స్కాన్ చేశారో లెక్క కనిపిస్తుంది. చేసిన కోడ్‌లు ఎప్పటికీ ఉచితమని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసుంది.

మృగశిర కార్తె వచ్చి వానలు మొదలయ్యాయి, మాకు ఊపిరాడని సీజన్. కరీంనగర్ వైపు నుంచి ఒకాయన వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపారు. ఒకటి మా దగ్గర కొన్న మామిడి మొక్క. అంటు కింద నుంచి నాటు కొమ్మ ఏపుగా లేచి, పైనున్న అసలు రకాన్ని దాటిపోయింది. రెండోది ఆయన ఫోన్ స్క్రీన్. ‘ఈ కోడ్ నిలిపివేయబడింది, యజమాని ప్లాన్ తీసుకోవాలి’ అని ఇంగ్లీషులో ఉంది, పక్కనే ఆ కంపెనీ ప్రకటన. కింద ఆయన ప్రశ్న: “నర్సరీ మూసేశారా సార్?”

వెంటనే షెడ్డులో ఉన్న ట్యాగ్‌లు ఒక్కొక్కటీ స్కాన్ చేసి చూశాం. అన్నీ చచ్చిపోయాయి. కంపెనీకి రాస్తే నిబంధనలు మారాయి, నెలనెలా కడితే పాత కోడ్‌లు తిరిగి పనిచేస్తాయని జవాబిచ్చారు. ఆ ట్యాగ్‌లేమో ఎక్కడెక్కడి తోటల్లోనో చెట్లకి కట్టి ఉన్నాయి. వెనక్కి తేలేం, మార్చలేం. మామిడి చెట్టు పదుల ఏళ్లు బతుకుతుంది. దాని మెడలో ఉన్న కోడ్‌కి అన్నేళ్లూ ఎవరికో అద్దె కట్టాలా? పోస్టర్ అయితే చింపేసి ఇంకొకటి అంటిస్తాం.

నాకు మరీ ఒళ్లు మండేది ఎక్కడంటే, అసలు కోడ్ కనిపెట్టినవాళ్లు ఒక్క రూపాయి అడగరు. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ సంస్థలో మసహిరో హారా బృందం కారు విడిభాగాల లెక్క కోసం దీన్ని తయారుచేసింది. పేటెంట్ ఉన్నా ఆ హక్కును వాడబోమని ఆ సంస్థే ప్రకటించింది. ఫ్యాక్టరీలో జిడ్డు, మసి అంటినా చదవగలిగేలా కట్టుదిట్టంగా చేశారు. అన్నిటికంటే గట్టి స్థాయిలో సుమారు 30 శాతం దాకా చెడిపోయినా చదువుతుంది. బురద చిమ్మే మొక్క ట్యాగ్‌కి కావాల్సింది సరిగ్గా అదే. అలాంటి వస్తువుకి మధ్యలో ఒకడు తాళం వేసి కూర్చున్నాడు.

ఇప్పుడు సొంత డొమైన్ (వెబ్‌సైట్ పేరు) కొనుక్కున్నాం, ఏడాదికి వెయ్యి లోపే. ఒక్కో రకానికి ఒక్కో చిన్న చిరునామా, దానికి మామూలు కోడ్. పేజీలో ఏం మార్చాలన్నా మా చేతిలోనే ఉంది, లెక్కా మాకే తెలుస్తుంది. చిరునామా ఎంత చిన్నదైతే గళ్లు అంత తక్కువ, అంత పెద్దవి. ట్యాగ్ కాండం చుట్టూ వంగినా ఫోన్ పట్టేస్తుంది. అచ్చేసేవాళ్లకి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. కోడ్ చుట్టూ నాలుగు గళ్లంత తెల్ల అంచు వదలాలి. మొక్కల ట్యాగ్ కదా అని లేత ఆకుపచ్చ మీద ముదురాకుపచ్చతో వేసిన ఒక లాట్ సాయంత్రం వెలుతురులో సగం ఫోన్లు చదవలేదు.

స్కాన్‌ల లెక్క గురించి గొప్పగా చెప్పాను గానీ, దాన్ని చూసి వ్యాపారం అంచనా వేయలేం. అందులో సరదాగా కెమెరా పెట్టి చూసే పిల్లలూ ఉంటారు, మా కుర్రాళ్లూ ఉంటారు. పైగా మన దగ్గర క్యూఆర్ కనబడగానే జనం డబ్బులు పంపే యాప్ తెరుస్తారు. అది చెల్లని కోడ్ అనేసరికి పక్కన పెట్టేస్తారు. పెద్దవాళ్లయితే స్కాన్ చేస్తే ఖాతా ఖాళీ అవుతుందని భయపడతారు. క్యూఆర్ పేరుతో మోసాలు జరుగుతున్నాయి, వాళ్లని ఏమనగలం? ‘డబ్బుకి కాదు, కెమెరాతో చూడండి: నీళ్లు, ఎరువు వివరాలు’ అని కోడ్ కింద రాయించాక కాస్త మెరుగు. హైవే పక్కన హోర్డింగ్ మీద వేయించిన కోడ్ మాత్రం శుద్ధ దండగ. ఎనభై మీద వెళ్లే బండిలోంచి ఎవరు స్కాన్ చేస్తారు?

మా సరుకు ఏళ్ల తరబడి నిలిచేది, సందేహాలు కొన్నాక వచ్చేవి, చదువుకున్న కుర్రాడు ఒకడు పేజీలు చూసుకుంటాడు. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి మాకు కుదిరింది. పండగ ఆఫర్ పోస్టర్లు వేసే బట్టల షాపుకి ఆ అద్దె కోడే సులువేమో, వాళ్లకి రెండు వారాలు పనిచేస్తే చాలు. మా దగ్గర కూడా బంతి, చామంతి లాంటి సీజన్ మొక్కలకి ట్యాగ్‌లు కట్టడం లేదు. వాటి ధరకి ట్యాగ్ ఖర్చే గిట్టదు.