మాల్దీవుల ప్యాకేజీ: మూడు రాత్రులకు 36 డాలర్ల లొల్లి

నల్గొండల నాకు మంచినీళ్ళ ప్లాంటుంది. 20 లీటర్ల క్యాన్లు నింపి ఇండ్లకు పంపుడే పని. ఫ్లోరైడ్ ఊర్లె పెరిగినోణ్ణి, యాడికి పోయినా ముందుగాల నల్లా తిప్పి ఒక బుక్క నోట్లె పోసుకుంట. మాఫుషి దీవిల గెస్ట్‌హౌస్‌కు పోంగనే గదే చేసిన. మా ఇంటామె తల కొట్టుకుంది.

నీళ్ళు కొంచెం చప్పగున్నయి, వాసన లేదు. సముద్రపు నీళ్ళు వడగట్టినవే అన్నడు కౌంటర్ల పిలగాడు. 2014 డిసెంబర్‌ల వాళ్ళ రాజధాని మాలెల నీళ్ళ ప్లాంటుల మంటలు లేచి ఊరంత దూపకు అల్లాడితే మన దేశం విమానాల్ల, ఓడల్ల నీళ్ళు పంపింది కద, గది ఆయనకు ఇంక యాదికుంది.

మా బోరు నీళ్ళ టీడీఎస్, అంటే నీళ్ళల కరిగిన ఉప్పుల లెక్క, 1,400. దానికే నా మెంబ్రేన్లు, అంటే నీళ్ళు వడగట్టే పొరలు, ఊకె పోతుంటయి. సముద్రపు నీళ్ళది 35,000 దగ్గరుంటది. అంత ఉప్పున్న నీళ్ళను ఆ పొరలకెల్లి నెట్టాలంటే ఎంత ప్రెషర్, ఎంత కరెంటు! అక్కడ కరెంటు శాన మటుకు డీజిల్‌దే. మా గది ఎనకనే జనరేటర్, మొదటి రాత్రి నిద్రలేదు. 80 శాతం నేల సముద్రానికి మీటరు ఎత్తు కూడ లేని దేశం అది. సముద్రం పెరిగితే మునుగుతమని 2009ల వాళ్ళ ప్రెసిడెంట్ నషీద్ మంత్రులను దీస్కపోయి నీళ్ళ అడుగున మీటింగ్ పెట్టిండు. అట్లని టూరిస్టు రాకుంటె పూట గడవదు. వచ్చినోనికి ఏసీ కావాలె, రెండుపూటల షవర్ కావాలె. నేను సుత వాడిన.

టిఫిన్‌ల మాస్ హుని బాగుంది. చేప, కొబ్బరి, ఉల్లిగడ్డ కలిపి రొట్టెతోని పెడ్తరు.

ఖాళీ చేసేటప్పుడు బిల్లుల గ్రీన్ టాక్స్ అని 36 డాలర్లు! మనిషికి రాత్రికి 6. 2025 జనవరి నుంచి రెండింతలు చేసిండ్రు, రిసార్టుల్లనైతె 12. ప్యాకేజీ అమ్మిన ఏజెంటేమో "అన్నీ కలిపే అన్నా, పైస పెట్టే పని లేదు" అన్నడు. ఫోన్ చేస్తె, "గది గవర్నమెంటుది అన్నా, నాకేం సంబంధం" అంటడు.

కట్టినందుకు బాధ లేదు. చెత్తకు, మురుగునీళ్ళకు పెట్టనీకే వసూలు చేస్తున్నరట. నా ప్లాంటుల ఒక బిందె మంచినీళ్ళకు ఒకటిన్నర బిందె మోరీలకు పోతది, ఇన్నేండ్ల సంది దానికి ఎవ్వనికీ ఒక్క రూపాయి కట్టలే. కాని ముందే చెప్పాలె కదా? పైంగ రోజూ గదిల రెండు ప్లాస్టిక్ బాటిళ్ళు పెడ్తరు, నల్లల మంచినీళ్ళు వస్తుంటె!

సముద్రానికి 5 చుక్కలు, గదికి 3, ఏజెంటుకు 1. పోయేటోళ్ళు ఇంటికాడి నుంచే స్టీల్ బాటిల్ పట్టుకపోండ్రి. గ్రీన్ టాక్స్ కలిపిండో లేదో వాట్సాప్‌ల రాయించుకోండ్రి. జనరేటర్ దిక్కు రూము అస్సలు తీస్కోకుండ్రి.