సొంత మసీదుకు ఏది మేలు: అద్దె హాలా, పాత భవనమా, కొత్త కట్టడమా?

బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఒక చిన్న ఊళ్లో నలభై యాభై ముస్లిం కుటుంబాలు చేరాయంటే జుమా (శుక్రవారం సామూహిక) నమాజ్ ఎక్కడ చదవాలన్న ప్రశ్న వస్తుంది. మొదట అద్దె హాలే దిక్కు. శుక్రవారం గంటన్నర కోసం జానమాజ్‌లు (నమాజ్ చాపలు) పరచడం, మళ్లీ చుట్టి కారు డిక్కీలో వేసుకోవడం. ఖర్చు తక్కువ, అప్పు లేదు. కానీ తెల్లవారుజామున ఫజర్ నమాజ్‌కు తలుపు తెరిచి ఉండదు, రంజాన్ రాత్రుల్లో చదివే తరావీహ్ నమాజ్‌కు హాలు దొరకదు. ఎవరైనా పోతే గుసుల్ (భౌతికకాయానికి స్నానం) ఎక్కడ చేయించాలో తెలియదు. రెండు మూడేళ్లకు సరే, ఆపైన నేను ఒప్పుకోను.

స్థలం కొని గుమ్మటంతో కట్టాలని అందరికీ ఉంటుంది. మక్కా మసీదు చూస్తూ పెరిగిన హైదరాబాదీలకు మరీను. అయితే మన నిజాం కథే గుర్తు చేసుకోండి. లండన్‌లో మసీదు కోసం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భారీ విరాళం ఇచ్చారు. 1937లో ఆయన పెద్ద కొడుకు ఆజం జా పునాది రాయి వేశారు. అక్కడ అనుకున్న మసీదు లేవలేదు. లండన్ సెంట్రల్ మసీదు వేరే చోట, రీజెంట్స్ పార్క్ దగ్గర, 1977లో గానీ పూర్తి కాలేదు. అంత డబ్బున్నవాళ్లకే అలా జరిగింది.

ఇక అనుమతుల సంగతి. అమెరికాలో న్యూజెర్సీలోని బాస్కింగ్ రిడ్జ్‌లో 2012లో మసీదు కట్టడానికి దరఖాస్తు పెడితే 39 సార్లు బహిరంగ విచారణ జరిగింది, 2015 డిసెంబరులో కాదన్నారు. చర్చిలకు ముగ్గురికి ఒక కారు లెక్కన పార్కింగ్ అడిగేవాళ్లు. ఆ లెక్కన 50 కార్లకు చోటు సరిపోవాలి, మసీదుకు మాత్రం 107 అడిగారు. కేసు వేశాక 2017లో 32.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. న్యాయం గెలిచింది, సంతోషమే. కానీ ఆ అయిదేళ్లలో పిల్లలు ఎంత పెద్దవాళ్లయిపోయి ఉంటారు!

అందుకే నా ఓటు పాత భవనానికి. లండన్ బ్రిక్ లేన్‌లోని మసీదు 1743లో ఫ్రెంచి శరణార్థుల చర్చి, 1898 నుంచి యూదుల సినగాగ్, 1976లో బంగ్లాదేశీల మసీదు అయింది. ఈస్ట్ లండన్ మసీదువాళ్లు 1910లో నిధి మొదలుపెట్టి, ఏళ్ల తరబడి అద్దె గదుల్లో జుమా చదివి, 1940లో కమర్షియల్ రోడ్డులో మూడు ఇళ్లు కొని, 1941లో వాటిలో మసీదు తెరిచారు. ఇప్పుడున్న పెద్ద మసీదు 1985లో తెరిచారు. ముందు చిన్నచోటు, అక్కడ జమాత్ (మసీదుకు వచ్చే సమాజం) బలపడ్డాక పెద్దది. నాకు నచ్చిన దారి ఇదే.

పాత భవనానికీ చిక్కులున్నాయి. కిబ్లా (నమాజ్‌లో తిరగాల్సిన మక్కా దిక్కు) గోడలకు సరిపోకపోతే సఫ్‌లు (నమాజ్ వరుసలు) ఏటవాలుగా వేయాలి, వుజూకు (నమాజ్ ముందు కడుక్కోవడానికి) కొళాయిలు, డ్రైనేజీ కొత్తగా వేయాలి. అది వారసత్వ కట్టడమైతే కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. కొన్ని చర్చిలు అమ్మేటప్పుడు వేరే మతం ప్రార్థనలు జరగకూడదని షరతు పెడతాయి, అది లాయరు ముందే చూడాలి. డబ్బు చాలకపోతే వడ్డీ అప్పు వద్దు, జమాత్‌లోనే కర్జె హసనా (వడ్డీ లేని చేబదులు) అడగండి. ఎవరెవరు ఎంత ఇచ్చారో, ఎప్పుడు తిరిగి ఇవ్వాలో కాగితం మీద రాసుకోండి.

భవనం చూడటానికి వెళ్లేటప్పుడు ఆడవాళ్లనూ తీసుకెళ్లండి. వాళ్లకు నమాజ్ చోటు, వేరే వుజూ, చంటిపిల్లలతో కూర్చునే గది ఎక్కడొస్తాయో సంతకాలకు ముందే వాళ్లే చెప్పాలి.