ఇటలీ ముసుగులు, లండన్ మాటలు
16వ శతాబ్దపు ఇటలీలో కొమీడియా దెల్లార్తె అనే ముసుగు హాస్యనాటకాలు ఆడే బృందాలకు రాసిన డైలాగులు ఉండేవి కావు. తెర వెనక కథాక్రమం రాసిన కాగితం ఉండేది, అంతే. మిగతాదంతా నటుల సమయస్ఫూర్తే. పిసినారి పాంటలోనే, ఎప్పుడూ ఆకలితో ఉండే నౌకరు ఆర్లెకీనో తోలు ముసుగులు వేసుకునేవారు. ముఖం సగం కనబడదు కాబట్టి నవ్వించే భారం చాలావరకు నడక, నడుము, చేతులదే. భాష రాని పారిస్ జనాన్ని కూడా వాళ్లు మెప్పించారంటే అందుకే మరి!

అదే కాలపు లండన్‌లో మాటే రాజు. 1599లో కట్టిన గ్లోబ్ నాటకశాల‌లో ఆట పగటి వెలుగులోనే. కథలో అర్ధరాత్రి అయితే ఆ సంగతి నటుడు నోటితో చెప్పాల్సిందే. ఒక్కొక్కరికీ తన డైలాగులు, వాటికి ముందు ఎదుటి పాత్ర పలికే ఆఖరి మాటలు మాత్రమే రాసిచ్చేవారు. ఎంత టెన్షనో!

స్త్రీ పాత్రల విషయంలో మాత్రం నా ఓటు ఇటలీకే. అక్కడ ఇజబెల్లా ఆండ్రేయినీ లాంటి నటీమణులు పేరు తెచ్చుకుంటుంటే, లండన్ రంగస్థలం మీద 1660 దాకా ఆ వేషాలు కుర్రాళ్లవే.