ఎంఎస్ ఆర్థో అయ్యాక వైజాగ్‌లో ట్రామానా, రోబోటిక్ జాయింట్సా?

కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ హాస్పిటల్) మూడేళ్ల ఎముకల సర్జరీ పీజీ ముగిసేసరికి జూనియర్లు అడిగేది ఇదే: ప్రమాదాల్లో విరిగిన ఎముకలు చూసే ట్రామానా, రోబో సాయంతో మోకాళ్ల లాంటి కీళ్లు మార్చే జాయింట్సా అని.

ఖర్చు: ట్రామాకి సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపించే మెషీన్) ఉన్న చిన్న నర్సింగ్ హోమ్ చాలు. రోబో కోట్లలో ఉంటుంది, హాస్పిటళ్లన్నీ ఒకచోట ఉండే హెల్త్ సిటీ వైపు ఏదో పెద్ద దాంట్లో చేరాల్సిందే.

కష్టం: ట్రామా అంటే అర్ధరాత్రి ఫోన్లు, హైవే యాక్సిడెంట్లు. జాయింట్స్‌లో ముందే డేట్ ఇచ్చిన కేసులు, కానీ ఫెలోషిప్ (పీజీ తర్వాత ప్రత్యేక శిక్షణ) అదనం.

రిస్క్ గురించి గట్టిగానే చెప్తా, రోబో తనంతట తాను ఆపరేషన్ చెయ్యదమ్మా, ఎముక కోత ప్లాన్ ప్రకారం రావడానికి సాయపడుతుంది అంతే, లిగమెంట్ బ్యాలెన్స్ (కీలు చుట్టూ బిగుతు సరిచూడటం) మన చేతిలోదే, మధ్యలో మెషీన్ ఆగితే మామూలు జిగ్స్‌తో (కోతకి దారి చూపే చేతి పరికరాలు) పూర్తి చెయ్యగలగాలి, అది రాకుండా అటు వెళ్లొద్దు ప్లీజ్.

శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంతూళ్లో ప్రాక్టీస్ పెట్టాలంటే ట్రామా. సిటీలోనే ఉండి ఏళ్లతరబడి మోకాళ్లే చూసే ఓపికుంటే జాయింట్స్.